తలకిందుల రీలు

సోమవారం

మిషను ఇంటికొచ్చింది. మిషనంటే నా కుట్టు మిషను కాదు, ఫోటో స్టూడియో ఆయన్ని బతిమాలి అరువు తెచ్చుకున్న స్కానరు. రెండు చెప్పుల డబ్బాలు పేర్చినంత ఉంది. ఎడం పక్క రీలు తగిలిస్తే ఫిల్ము మధ్యలో చిన్న దీపం మీదుగా పాక్కుంటూ వెళ్ళి కుడి పక్క చుట్టుకుంటుంది. బొమ్మ బొమ్మకీ ఆగుతుంది, టక్కుమని ఒక ఫోటో తీసుకుంటుంది, మళ్ళీ పాకుతుంది. బొమ్మ ఎంత ఉందీ అంటే చొక్కా గుండీలో సగం కూడా లేదు. వాటన్నిటినీ వరసగా పేర్చి కంప్యూటరు మళ్ళీ సినిమా చేసి పెడుతుందిట. "నెలాఖరుకి తెచ్చివ్వాలమ్మా, గీత పడితే మీదే పూచీ," అన్నాడాయన.

నాన్న పోయాక అమ్మ మా ఇంటికొస్తూ రెండే తెచ్చుకుంది. బట్టల పెట్టె ఒకటి, ఈ రీళ్ళ సంచి ఒకటి. సినిమా చూపించే మిషను నా చిన్నప్పుడే పాడైపోయి ఎటో పోయింది. అందుకని ఈ రీళ్ళలో ఏముందో నేనెప్పుడూ చూడలేదు. "నీకు చేతనైతే వీటినేదైనా చెయ్యి, లేకపోతే పారెయ్యి," అంది అమ్మ. పారెయ్యి అంటూనే సంచి వదలదు.

మా ఆయనకి భలే సరదాగా ఉంది. "మీ నాన్నగారు నోరు విప్పలేదు గానీ సినిమాలు తీశారన్నమాట. మనిషీ మూకీయే, సినిమా మూకీయే," అన్నారు. నవ్వాను. నవ్వాక కాస్త చిరాకేసింది.

నాకు కావాల్సింది ఒక్కటే. వీటిలో నేనున్నానా? నాన్న నా మొహంలోకి చూసి మాట్లాడిన రోజు నాకు గుర్తులేదు. పెళ్ళయి నేను బయల్దేరుతుంటే జాగ్రత్తగా ఉండమని నా పక్కనున్న తలుపుకి చెప్పాడు. ఏం కావాలన్నా అమ్మకి చెప్పడం, అమ్మ నాకు చెప్పడం. అలాంటి మనిషి కెమెరాలోంచైనా నన్నొకసారి చూశాడా, అంతే. చూడకపోయినా ఇప్పుడు నాకేం బాధ లేదు. యాభై దాటాక ఇంకేం బాధ. ఊరికే తెలుసుకుందామని.


మంగళవారం

రెండు రీళ్ళయ్యాయి. ఒకదాన్నిండా వంతెన. వంతెన మీద రైలు పోవడం, వంతెన మీద రైలు లేకపోవడం. రెండోదాన్లో నాన్న ఆఫీసు వాళ్ళు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నారు. తాగుతూనే ఉన్నారు.

ఫిల్ము అంచున వరసగా చిల్లులుంటాయి, వాటిని పట్టుకునే మిషను లాగుతుంది. పాతబడి ఆ చిల్లులు చిరిగిన చోట మిషను అక్కడే తచ్చాడుతుంది. అప్పుడు నేను వేలి కొసతో ఒక్కో బొమ్మా జరపాలి. కుట్టుపనిలో వేలికి అలవాటే కనక సరిపోయింది. దుమ్ముకి నా మిషను బ్రష్షే వాడుతున్నా.

పళ్ళ డాక్టరమ్మకి కుట్టాల్సిన తెల్లకోట్లు ముట్టుకోనే లేదు. శుక్రవారానికి ఇస్తానన్నాను. ఇవ్వను.


బుధవారం

ఇంకో రీలు. సముద్రం. మనుషులెవరూ లేరు.

ఒకటి రాసుకోవాలనిపిస్తోంది. నాకు తెలియంది కాదు, అయినా కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. మేమిద్దరం పుట్టాం. నేను పెద్దది, కాసేపటికి అది. ఇంట్లో దాన్ని చిన్నది అనేవాళ్ళుట. అచ్చుగుద్దినట్టు ఒకటే మొహంట, కన్నతల్లి కూడా నిద్రమత్తులో ఒకదానికి రెండుసార్లు పాలు పట్టి రెండోదాన్ని ఏడిపించేదిట. తేడా రెండింట్లోనే. నుదుటి మీద నాకు కుడివైపు సుడి, దానికి ఎడమవైపు. నేను ఏది పట్టుకున్నా కుడిచేత్తో, అది ఎడమచేత్తో. మూడో ఏడు నిండకుండా జ్వరమొచ్చి పోయింది. నాకు దాని గురించి ఒక్క ముక్క గుర్తులేదు. దాని పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. నాన్న పలకనిచ్చేవాడు కాదు. ఒక్క ఫోటో కూడా లేదు, తీయించనే లేదో, దాచేశారో అడిగే ధైర్యం నాకు లేదు.

కెమెరా మేం పుట్టినప్పుడే కొన్నాడని పిన్ని అనేది. అంటే ఇద్దరం ఉండాలి. రీళ్ళు ఇంకా ఉన్నాయి.


గురువారం

దొరికింది. ఎర్ర డబ్బాలో రీలు. ఎలా రాయాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మిగతావన్నీ మొదటికి బుద్ధిగా చుట్టి ఉన్నాయి. ఇదొక్కటే చివర చూసినవాళ్ళు తిరిగి చుట్టకుండా వదిలేశారు. మామూలుగా తగిలిస్తే చిల్లులు అటుపక్కకి పోతున్నాయి. రీలు తిరగేసి తగిలిస్తే కుదిరింది, నడిచింది. తీరా చూస్తే బొమ్మలన్నీ తలకిందులు. పైగా వెనకనుంచి ముందుకి. పిల్ల ఒకత్తి ఆకాశం మీద కాళ్ళు పెట్టి మెట్లు వెనక్కి ఎక్కుతోంది. నాకు నవ్వొచ్చింది గానీ తెర మీంచి కళ్ళు తియ్యలేదు. పిల్ల అని తెలిసింది కదా.

కంప్యూటర్లో బొమ్మల వరస మార్చాను. తర్వాత ఒక్కో బొమ్మనీ తల పైకొచ్చేదాకా గిర్రున సగం చుట్టు తిప్పేలా పెట్టాను. ఆయన ఆఫీసు నుంచి ఫోన్లో ఏ మీట నొక్కాలో చెప్పారు. సరైపోయింది.

రెండేళ్ళో మూడేళ్ళో ఉంటాయి. మెట్ల మీద ఎవరివో పెద్ద చెప్పులేసుకుని దిగుతోంది. తాతయ్య అరుగు మీద కూచుని పత్రిక పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన చొక్కా గుండీలు ఆడవాళ్ళ చొక్కాకి ఉన్నట్టు అటువైపున్నాయి, ఏ దర్జీ కుట్టాడో గానీ చెయ్యి నరకాలి. తర్వాత బంతి. తర్వాత పిల్ల కెమెరా దగ్గరికి పరిగెత్తుకొచ్చి అద్దాన్ని ముట్టుకోబోయింది, మొహం తెర నిండా వచ్చేసింది. ఆ తర్వాత నిద్రపోతోంది. ఆ నిద్ర ఎంతసేపు తీశాడో. కదలని పిల్లని ఎవరైనా అంతసేపు తీస్తారా? ఎంత ఫిల్ము దండగ.

మొహం తెర నిండా వచ్చినప్పుడు ఆపి చూశాను. సుడి ఎడమవైపు.

బంతి విసిరింది ఎడమచేత్తో. చెప్పు సర్దుకుంది ఎడమచేత్తో. మళ్ళీ మళ్ళీ చూశాను. అన్నీ ఎడమచేత్తోనే.

చిన్నది.

మొదటి నుంచి చివరి దాకా అదే. నేనెక్కడున్నాను? ఇద్దరం కలిసి ఒక్క బొమ్మలోనూ లేం. ఒకే ఈడు పిల్లలు ఒకే ఇంట్లో ఉంటే, ఒకత్తి మెట్లు దిగుతుంటే రెండోది వెనకాల రాకుండా ఉంటుందా? ఎవరో పట్టుకుని ఉండాలి. నన్ను లోపల పట్టుకుని కూచోబెట్టి మరీ తీసుకున్నాడన్నమాట.

సరే. తెలుసుకుందామనుకున్నాను, తెలిసింది.


శుక్రవారం

అమ్మకి చూపించాను. చూపించకుండా ఉంటే బాగుండేదేమో.

గుడ్డలు కత్తిరించే బల్ల మీద కంప్యూటరు పెట్టి, కుర్చీ వేసి కూచోబెట్టాను. "ఏంటే ఇది," అంటూ కళ్ళద్దాలు పెట్టుకుంది. పిల్ల చెప్పులేసుకుని రాగానే అమ్మ చెయ్యి నోటి మీదకి వెళ్ళిపోయింది. మొహం తెర నిండా వచ్చినప్పుడు ముందుకి వంగి తెరకి అంటుకుపోయి చూసింది.

"చిన్నదే," అంది.

ఆ పైన పేరు పెట్టి పిలిచింది. నిజం పేరు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు అమ్మ నోట వినడం ఇదే.

అయిపోయాక నా రెండు చేతులూ పట్టుకుని, "ఎంత మంచి పని చేశావే తల్లీ. నీకెలా తోచింది? మళ్ళీ చూస్తాననుకోలేదు," అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. నాకేం తోచడం, రీలు తగిలించాను, అది ఆడింది. ఆ మాటే అన్నాను. అమ్మ వినిపించుకోలేదు.

"మరి నేనెక్కడున్నానమ్మా?" అన్నాను.

"నీకేమే, నువ్వున్నావుగా," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకోసారి వెయ్యి."

వేశాను. సాయంత్రందాకా వేస్తూనే ఉన్నాను.


శనివారం

నాకేం కోపం లేదు.


శనివారమే, మధ్యాహ్నం

కోపం లేదు గానీ ఒక్కటి అర్థం కావడం లేదు. బతికున్నప్పుడే దాన్నలా తీసుకుంటే, పోతుందని ముందే తెలుసా ఏం? పోయాక ఎవరైనా పోయినవాళ్ళని తలుచుకుంటారు, అది న్యాయం. ఇద్దరూ కళ్ళెదుట ఆడుకుంటుంటే ఒకత్తినే తియ్యడం ఏంటి? ఎడమచేత్తో బంతి విసరడం అంత విశేషమా? లేక నేను ఏడుపుగొట్టుదాన్నా? అమ్మనడిగితే, "ఇద్దరూ బంగారాలే," అంటుంది. బంగారమైతే తూకం వేసి చూసినట్టుంది నాన్న.

తాతయ్య గుండీల సంగతి కూడా మనసులో పురుగులా తొలుస్తోంది. ఎందుకో తెలియదు. మగవాళ్ళ చొక్కా అలా కుట్టిన దర్జీని నేనెప్పుడూ చూళ్ళేదు.


ఆదివారం

నోరు పారేసుకున్నాను.

పొద్దుట్నుంచి అమ్మ చిన్నదాని గురించి చెప్తూనే ఉంది. ఆయనకి చెప్తోంది, పక్కింటావిడకి చెప్తోంది, ఖాళీ గిన్నెలకి చెప్తోంది. చిన్నది ఉప్పు తినేదిట. చిన్నది పిల్లిని చూసి అన్నయ్యా అనేదిట. ఆయన కాఫీ తాగుతూ "అయ్యో, అలాగా అత్తయ్యా," అంటూ ఎగదోస్తున్నారు. అమ్మ మొహం చూస్తే పదేళ్ళు తగ్గినట్టుంది. నేను మాత్రం ఎవరింటికో వచ్చి కూచున్నట్టున్నాను.

"అంత ముద్దొచ్చింది కనకే నాన్న దాన్నొక్కదాన్నే తీసుకున్నాడు. బతికి ఉన్నదాన్ని ఒక్క బొమ్మ తియ్యడానికి చేతులు రాలేదు," అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టేశారు.

అమ్మ నన్ను వింతగా చూసింది. కోపంగా కాదు, లెక్క తప్పినవాళ్ళు చూసినట్టు. "అదేంటే. నువ్వు తెలిసి చెయ్యలేదా?" అంది.

"తెలిసేంటి, తెలియకేంటి? తెలిసే చూపించాను నీకు," అని లోపలికొచ్చేశాను.

అమ్మ ఏమడిగిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. నేను మిషను తొక్కుతున్నట్టు నటించాను. సూదిలో దారం కూడా లేదు.


సోమవారం

డాక్టరమ్మ పొద్దున్నే వచ్చి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ఒక చెయ్యి బాగానే ఉంది. రెండో చెయ్యి చంక దగ్గర మెలిపడి, మోచెయ్యి వెనక్కి తిరిగినట్టు ఉబ్బింది. "ఏమ్మా, నాకు రెండు చేతులూ ఎడమవే అనుకున్నావా?" అంది. నవ్వుతూనే అంది, ఆవిడ మంచిది. విప్పి చూస్తే నిజంగానే రెండూ ఎడమ చేతులే. ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాను, ఈ తప్పు పని నేర్చుకునే పిల్లలు చేస్తారు.

గుడ్డ చాల్లేదు. మడత పెట్టి రెండూ ఒకేసారి కత్తిరించడానికి లేక ఒంటి పొర మీద ఒక్కోటీ కత్తిరించాను. మొదటి చెయ్యి కొలత అట్ట పెట్టి కత్తిరించాక, గుడ్డ కలిసొస్తుందని అట్టని అటు తల ఇటు చేసి పెట్టాను. అలా తిప్పితే రెండోది కూడా మొదటిదే అవుతుంది. తిప్పితే చాలదు, అట్టని బోర్లించాలి. బోర్లిస్తేనే ఎడమది కుడిది అవుతుంది. పని నేర్చుకోడానికొచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజు నేను చెప్పే మాట ఇది.

డాక్టరమ్మకి క్షమాపణ చెప్తూనే ఉన్నాను, నోరు ఆగిపోయింది. ఆవిడ "పర్లేదులే అమ్మా, వచ్చే వారం ఇవ్వు," అని వెళ్ళిపోయింది.

రీలు తిరగేసి తగిలించాను కదా. అంటే ఫిల్ము బోర్లా పడింది. బోర్లా పడ్డదాన్ని బోర్లించాలి. నేను బోర్లించలేదు. గిర్రున తిప్పాను.

తల పైకొచ్చింది. కుడీ ఎడమా మాత్రం తారుమారై ఉండిపోయాయి.

కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాను. ఆయనకి ఫోను చేస్తే మీటింగులో ఉన్నారు, నేనే వెతుక్కుని మీట నొక్కాను. ముందు తాతయ్యని చూశాను. పిల్లని చూసే ధైర్యం లేదు. తాతయ్య గుండీలు మగవాళ్ళ గుండీల్లా ఇటొచ్చేశాయి. ఆ దర్జీకి దండం.

తర్వాత పిల్ల. సుడి కుడివైపు. బంతి కుడిచేత్తో.

నేను.

నేనే. మెట్లు దిగింది నేను. అద్దం ముట్టుకోబోయింది నేను. నిద్రపోతుంటే అంతసేపు నాన్న చూసింది నన్ను. కత్తిరించిన గుడ్డముక్కల మధ్య కింద కూచుని ఏడ్చాను. ఎవరో కొలతలివ్వడానికొచ్చి, నన్ను చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.


సోమవారమే, సాయంత్రం

అమ్మ ఇప్పుడే వచ్చి, "చిన్నదాన్ని ఒకసారి వెయ్యవే," అంది.

పాతదే వేశాను. ఎడమ సుడిదే. ఏం చెయ్యను?


మంగళవారం

చెప్పలేదు.


బుధవారం

ఇవాళ కూడా చెప్పలేదు. ఆయనకి చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"చూడవోయ్, ఆవిడ అంత సంతోషంగా ఉండటం మన పెళ్ళయ్యాక నేనెప్పుడూ చూళ్ళేదు. చెప్పకపోతే ఏం పోతుంది?"

"నేను పోతాను," అన్నాను.

నిజమే కదా. అమ్మ కళ్ళకి అది చిన్నదైనంత కాలం ఆ రీల్లో నేను లేను. ఇన్నేళ్ళకి నాన్న నన్ను చూశాడని తెలిసింది, ఆ సంగతి నోరు విప్పి అమ్మకి చెప్పుకుంటే అమ్మకి కూతురు రెండోసారి పోతుంది. నాకు దక్కాలంటే అమ్మ దగ్గర్నుంచి లాక్కోవాలి. అది కూడా అమ్మ చేతిలోంచి, కళ్ళు చూస్తూ చూస్తూ. ఆ పని చేసేంత గుండె నాకుందా? ఉంది అనిపిస్తోంది, అందుకే భయంగా ఉంది.

డాక్టరమ్మకి కొత్త చెయ్యి కత్తిరించాను. బోర్లించి, మళ్ళీ ఒకసారి చూసుకుని, అప్పుడు కత్తెర పెట్టాను.


గురువారం

చెప్పేశాను. చెప్పాలనుకుని కాదు. అమ్మ సినిమా చూస్తూ, "దాని పళ్ళు చూడు, బియ్యపుగింజల్లా," అంది. ఆ పళ్ళు నావి. నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, అది నేను. నేను మిషనుకి తప్పుగా తగిలించాను. కుడి ఎడమైంది. అది చిన్నది కాదు, నేను."

అమ్మ కూలబడుతుందనుకుని పట్టుకోడానికి లేచాను. అమ్మ అలాగే కూచుంది. "నువ్వేనని నాకు తెలియదుటే?" అంది.

నాకేం అర్థం కాలేదు.

"కెమెరా కొనేనాటికి చిన్నది లేదు. పిన్ని మాటలు నమ్మకు, దానికేం గుర్తుండవు. చిన్నది పోయాక చూసుకోడానికి మా దగ్గర ఒక్క ఫోటో లేదు. దాని మొహం మర్చిపోతానేమోనని మీ నాన్న పిచ్చివాడిలా తిరిగాడు. ఒకరోజు ఆ కెమెరా పట్టుకొచ్చాడు. అప్పట్నుంచి నిన్ను తీసిందే తీసేవాడు. నువ్వు కూడా పోతావని భయం. నిద్రపోతుంటే తీశాడే, అదెందుకనుకున్నావు? పొట్ట పైకీ కిందకీ ఆడుతోందా లేదా అని. ఫిల్ము దండగ అని నేను తిడితే వినేవాడు కాదు."

"మరి చిన్నదే అన్నావు. పేరు పెట్టి పిలిచావు."

అమ్మ కళ్ళద్దాలు తీసి పైటతో తుడిచింది. తుడుస్తూ చెప్పింది.

"గదుల మధ్య గుమ్మానికి పల్చటి దుప్పటి కట్టి సినిమా వేసేవాడు. నేనూ, నువ్వూ, తాతయ్యా ఇటు కూచునేవాళ్ళం. మిషను ఆడించేసి ఆయన అటు గదిలోకి వెళ్ళి కూచునేవాడు. బొమ్మ దుప్పట్లోంచి అటు కూడా పడేది. వెనకనుంచి చూడటం ఏంటీ మనిషి, అందరితో కూచోవడానికి కూడా బాధేనా అని ఒళ్ళు మండి ఒకరోజు నేనూ అటు వెళ్ళాను. వెళ్ళి చూస్తే..."

ఆగింది. అడక్కుండానే తెలిసిపోయింది.

"అటు చిన్నది ఆడుకుంటోంది. ఎడమచేత్తో. ఆయన నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. ఆ తర్వాత నువ్వు నిద్రపోయాక నేనూ అటే కూచునేదాన్ని. మిషను పాడయ్యాక మళ్ళీ దాన్ని చూళ్ళేదు. మొన్న నువ్వు చూపించగానే, ఇదెలా కనిపెట్టిందీ, నా కోసం అటు తిప్పి పెట్టింది అనుకున్నా. నువ్వేమో ఆదివారం అంతమాట అన్నావు. నాకేం అర్థం కాలేదు. నువ్వు ఏదంటే అది అననీ, ఇంకో నాలుగు రోజులు చూసుకుంటాను అనుకున్నా. తప్పే."

దుప్పటి గురించి నాకు లీలగా కూడా గుర్తులేదు. గుర్తొస్తుందేమోనని కళ్ళు మూసుకుని చూశాను. రాలేదు.

"అయితే నాన్న చూసుకున్నది దాన్నేగా," అన్నాను. కోపమొచ్చింది. ఇప్పుడు నిజంగా వచ్చింది, రాలేదని రాయను. "నన్ను తీసి దాన్ని చూసుకున్నాడు. నా మొహంలోకి చూడకపోవడం కూడా అందుకేనా? దాని మొహం నాకుండటం నా తప్పా?"

"నీ తప్పని ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు ఆ ఇంట్లో. అదే కదా."

అమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "తీసేటప్పుడు కెమెరాలో నువ్వే కనపడాలి కదా," అంది. అడిగినట్టు అంది, చెప్పినట్టు కాదు. అమ్మకీ తెలియదు. నాకూ తెలియదు. ఒక మనిషి ఒక పిల్లని తీసి ఇంకో పిల్లని చూసుకుంటే అందులో ఎంత నాది, ఎంత దానిది? గుడ్డయితే కొలిచి చెప్పేదాన్ని.

రాత్రి అన్నం తినలేదు. అమ్మా తినలేదు. ఆయన ఒక్కరే తిన్నారు, అదీ మమ్మల్ని చూసుకుంటూ భయం భయంగా.


శుక్రవారం

డాక్టరమ్మ కోట్లు పట్టుకెళ్ళింది. రెండు చేతులూ ఊపి చూపించి వెళ్ళింది.

స్కానరు తిరిగిచ్చేశాను. గీత పడలేదు. స్టూడియో ఆయన మూత తీసి దీపం వేసి మరీ చూసుకున్నాడు. ఎర్ర డబ్బా రీలు రెండు రకాలుగా కంప్యూటర్లో పెట్టుకున్నాను. ఒకటి సరిగ్గా ఉన్నది, ఒకటి తప్పుగా ఉన్నది. తప్పుది చెరిపేద్దామని పొద్దున రెండుసార్లు కూచున్నాను. చెరపలేదు. చెరిపితే నాకు హాయిగా ఉంటుందనే చెరపలేదనుకుంటా. ఏమో.

మధ్యాహ్నం అమ్మ తనంతట తానే వచ్చి బల్ల దగ్గర కూచుంది. మేమిద్దరం నిన్నట్నుంచి మాట్లాడుకోలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది. నేను కంప్యూటరు తెరిచాను, రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అదే మెట్టు మీద అదే పిల్ల, ఒకత్తి ఇటు తిరిగి, ఒకత్తి అటు తిరిగి. నా చెయ్యి ఎటూ పోలేదు.

"ఏది వెయ్యను?" అన్నాను.

అమ్మ నా కుర్చీ కూడా దగ్గరికి లాగింది.

"ముందు నిన్ను వెయ్యి," అంది. "దాన్ని తర్వాత చూద్దాం."